వెయ్యి గజాల అవతలి గురి

పిల్లలూ, ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. తుపాకుల కబురు చెప్పమని చాలా రోజులుగా అడుగుతున్నారు కదా. యుద్ధం కబురు నేను చెప్పను. పందెం కబురు చెబుతాను, అందులో సైన్సు ఎక్కువ.

1874 సెప్టెంబరు 26. అమెరికాలో న్యూయార్క్ దగ్గర క్రీడ్‌మోర్ అనే మైదానం. ఐర్లండ్ జట్టుకీ అమెరికా జట్టుకీ రైఫిల్ పోటీ. జట్టుకు ఆరుగురు. దూరాలు 800, 900, 1000 గజాలు. ఐర్లండ్ వాళ్లవి గొట్టం మూతిలోంచి మందు పోసి కూరే రైఫిళ్లు, అమెరికా వాళ్లవి వెనక నుంచి తూటా పెట్టే కొత్త రకం. మిల్నర్ అనే ఐర్లండ్ ఆయన గుండు నడిమధ్యన తగిలింది, కానీ పక్కవాడి లక్ష్యం మీద! ఆ మార్కులు పోయాయి. చివరికి అమెరికా ఒక్క పాయింటు వెనకబడి ఉంది, ఒక్క గుండు మిగిలింది. పేల్చాల్సిన బొడైన్ అనే అమెరికా ఆయన చెయ్యి అంతకుముందే జింజర్ బీరు సీసా పగిలి తెగింది. రక్తం కారుతున్న చేతికి రుమాలు చుట్టుకుని పడుకుని పేల్చాడు. నడిమధ్యన కొట్టాడు. 934 - 931.

వెయ్యి గజాలంటే 914 మీటర్లు. అంత దూరాన మనిషి కంటికి ఆ లక్ష్యం చిన్న చుక్క. చూపు బాగుండి, చెయ్యి వణక్కపోతే సరిపోతుందనుకుంటాం. సరిపోదు. గుండు అక్కడికి చేరడానికి సెకనున్నర పైనే పడుతుంది. భూమి దాన్ని ఆ కాసేపూ కిందికి లాగుతూనే ఉంటుంది. .308 విన్‌చెస్టర్ అనే పేరున్న తూటా సంగతే తీసుకోండి. సెకనుకు 800 మీటర్ల వేగంతో బయల్దేరిన గుండు వెయ్యి గజాలు చేరేసరికి శబ్ద వేగం దరిదాపులకు దిగిపోతుంది. పది మీటర్లకు పైగా కిందికి వాలుతుంది, మూడంతస్తుల మేడ ఎత్తు! వాలేది ముందే తెలుసు కాబట్టి గొట్టాన్ని ఆ మేరకు పైకెత్తి పేలుస్తారు.

చిక్కు వాలడంలో లేదు, ప్రతిసారీ ఒకేలా వాలకపోవడంలో ఉంది. మొదటి గుండు 800తో, రెండోది 790తో బయల్దేరాయనుకోండి. చేతిలో ఏ లోపమూ లేకపోయినా రెండోది దాదాపు ముప్పై సెంటీమీటర్లు కిందకి తగులుతుంది. ఎఫ్-క్లాస్ అనే పోటీలో (కెనడాకు చెందిన ఫార్క్వర్సన్ అనే ఆయన పేరు మీద వచ్చిన ఎఫ్ అది) వెయ్యి గజాల దగ్గర పది మార్కుల వలయం అడ్డంగా 25 సెంటీమీటర్లే. ఎంత చక్కగా గురిపెట్టినా ఆ గుండు పది దాటి బయటికి పోతుంది.

అందుకే అమెరికాలో, ఆస్ట్రేలియాలో, ఇంగ్లండులో చాలామంది పోటీదారులు తూటాలు తామే తయారు చేసుకుంటారు. దీన్ని హ్యాండ్ లోడింగ్ అంటారు. తూటాలో ఉండేవి నాలుగే వస్తువులు: ఇత్తడి కేసు, దాని అడుగున ప్రైమర్, లోపల మందు, మూతిలో బిగించిన గుండు. పేలాక గుండు, మందు, ప్రైమర్ పోతాయి, ఇత్తడి మిగులుతుంది. దాన్నే శుభ్రం చేసి, ఉబ్బిన ఒంటిని అచ్చులో నొక్కి, మళ్లీ నింపుతారు. కొందరు డబ్బు మిగులుతుందని చేస్తారు. దూరపు గురి వాళ్లు మాత్రం ఒక తూటాకీ ఇంకో తూటాకీ తేడా లేకుండా చేసుకోవాలని చేస్తారు. మరింత బలమైన తూటా కావాలని కాదు సుమా! ఈ ఒక్క సంగతి పట్టుకుంటే మిగతాదంతా అర్థమవుతుంది.

ముందు ఇత్తడి సంగతి. ఇందులో 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు. చల్లగా ఉన్నప్పుడు వంచినకొద్దీ, నొక్కినకొద్దీ ఇత్తడి గట్టిపడుతుంది. ప్రతి పేలుడుకీ కేసు ఉబ్బుతుంది, ప్రతి అచ్చుకీ కుదించుకుపోతుంది. నాలుగైదు సార్లయ్యాక మెడ భాగం పెళుసెక్కుతుంది. ఒక కేసు గుండును గట్టిగా పట్టుకుంటుంది, ఇంకోటి వదులుగా. అక్కడే వేగం తేడా వచ్చేస్తుంది. అందుకని మెడను మాత్రం కాసేపు వేడిచేసి మెత్తబరుస్తారు. అడుగుకు వేడి తగలనివ్వరు. ఒత్తిడిని తట్టుకోవాల్సింది అడుగే, అది గట్టిగానే ఉండాలి.

ఈ ఇత్తడి కథలో మన దేశం కూడా ఉంది. బ్రిటిష్ వాళ్ల కాలంలో సైన్యం వానాకాలంలో తూటాల్ని గుర్రపుశాలల్లో దాచింది. తీసి చూస్తే కేసులకు నెర్రెలు! ఎవరూ వాటిని పేల్చలేదు, కొట్టలేదు, మరెందుకు పగిలాయి? గుర్రాల మూత్రం, లద్దె నుంచి అమ్మోనియా వస్తుంది. వానాకాలపు చెమ్మ దానికి తోడైంది. కేసును తయారుచేసేటప్పుడు నొక్కిన ఒత్తిడి కొంత లోహంలోనే మిగిలిపోయి ఉంది. ఈ మూడూ కలిస్తే ఇత్తడి లోలోపలి రేణువుల సరిహద్దుల వెంట చీలుతుంది. అసలు కారణాన్ని 1921లో తేల్చారు. తగుమాత్రం వేడిచేసి లోపలి ఒత్తిడి తీసేస్తే నెర్రెలు రావు. లోహాల చదువులో ఇప్పటికీ ఈ ఉదాహరణ చెబుతారు.

ఇక మందు. దీన్ని గ్రెయిన్లలో తూస్తారు. ఒక గ్రెయిను 65 మిల్లీగ్రాములు, అంటే మన కంసాలి త్రాసులో గురిగింజ బరువుకు సగం. హ్యాండ్ లోడర్ల త్రాసు అందులో పదోవంతు దాకా చూపిస్తుంది. గురిగింజను ఇరవై ముక్కలు చేసి ఒక ముక్క తూచినట్టు! ఇంత సూక్ష్మం ఎందుకంటారా? 1884లో ఫ్రాన్స్‌లో పాల్ వియేల్ అనే ఆయన పొగరాని మందు కనిపెట్టాడు. ఒత్తిడి పెరిగితే అది ఇంకా త్వరగా కాలుతుంది, త్వరగా కాలితే ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. ఒకదాన్నొకటి ఎగదోసుకుంటాయి. .308లో ఆ ఒత్తిడి గాలి ఒత్తిడికి నాలుగు వేల రెట్లు దాటుతుంది. అందుకే రకం తప్పినా, కొలత తప్పినా తుపాకే బద్దలవుతుంది. తయారీ కంపెనీలు పరీక్షించి అచ్చేసిన పట్టిక చూడకుండా ఈ పనిలో ఏ తెలివైనవాడూ మందు పోయడు. మందు ఎండలో వేడెక్కినా వేగం మారుతుంది. అందుకే తూటాల పెట్టెను నీడలో ఉంచుతారు.

గుండును కూర్చడం కూడా చిన్న పని కాదు. అది కేసుకు నిటారుగా కూర్చోవాలి. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలో మిల్‌ఫర్డ్ ఊరిలో ఫ్రాంక్లిన్ మాన్ అనే వైద్యుడు ఉండేవాడు. గుండు దారి ఎందుకు తప్పుతుందో తేల్చాలని ఏళ్ల తరబడి పరిశోధించాడు. మనిషి చేతి వణుకు లెక్కలోకి రాకూడదని తుపాకీ గొట్టాన్ని కాంక్రీటు దిమ్మకు బిగించాడు. దారి పొడుగునా పలచని కాగితాలు నిలబెట్టి, గుండు వంకరగా దూరిందో తిన్నగా దూరిందో ఆ చిల్లుల్లోంచి చదివాడు. గుండు అడుగు అంచులో చిన్న లోపమున్నా దారి తప్పుతుందని చూపించాడు. 1909లో పుస్తకం వేశాడు. జీతమిచ్చి ఎవరూ చేయించని పనిని అంత ఓపికగా చేసినవాళ్లంటే నాకు చెప్పలేనంత గౌరవం.

మరి వేగం కొలిచేదెట్లా? ఇప్పుడైతే రాడార్లు వచ్చాయి. 1742లో బెంజమిన్ రాబిన్స్ అనే ఇంగ్లీషాయన బరువైన చెక్కను ఊయలలా వేలాడదీసి దాంట్లోకి గుండు పేల్చాడు. చెక్క ఎంత ఊగిందో చూసి, గుండు బరువు, చెక్క బరువు తెలుసు కాబట్టి వేగం లెక్కగట్టాడు. మీరు బళ్లో చదివే ద్రవ్యవేగ నిత్యత్వ సూత్రమే ఇది. వేగంగా వెళ్లే గుండును గాలి ఎంతగా అడ్డుకుంటుందో అంతవరకు ఎవరూ ఊహించలేదు, ఆయన ఊయల చెప్పింది. ఆ రాబిన్స్ తర్వాత ఈస్టిండియా కంపెనీ కొలువులో మన కోరమాండల్ తీరానికే వచ్చాడు. 1751లో కడలూరు దగ్గర సెయింట్ డేవిడ్ కోటలో జ్వరంతో కన్నుమూశాడు.

ఇంత చేశాక, ఈ పనివాళ్లలో చాలామంది బోల్తా పడేది తూకంలో కాదు, లెక్కలో. మూడు తూటాలు పేలుస్తారు. మూడూ ఒకే చోట గుమిగూడితే "ఇదే మంచి కొలత" అని తీర్మానించేస్తారు. ఒకే తూటాలు పదిసార్లు మూడేసి చొప్పున పేల్చినా, ఒకటి రెండు గుంపులు యాదృచ్ఛికంగానే ముచ్చటగా పడతాయి. ఐదు తూటాల వేగాలు కొలిచి, అవి ఎంతగా చెదిరాయో చెప్పే ప్రామాణిక విచలనం 10 అని వచ్చిందనుకోండి. నూటికి 95 పాళ్ల నమ్మకంతో చెప్పగలిగేది, అసలుది 6కీ 29కీ మధ్య ఎక్కడో ఉందని మాత్రమే. ముప్పై పేలిస్తే ఆ హద్దులు 8కీ 13కీ దగ్గరపడతాయి. మందు డబ్బాల మీదా పరికరాల మీదా వేలకు వేలు పోస్తారు గానీ, ఈ లెక్క మీద ఒక్క సాయంత్రం పెట్టరు. నాకు బాధ కలిగేది అక్కడే.

మన దేశంలో ఇష్టమొచ్చినట్టు ఇంట్లో తూటాలు చేయకూడదు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటా తయారుచేస్తే నేరం. పైగా ఒలింపిక్స్ 50 మీటర్ల పోటీలో వాడే .22 తూటాకు నిప్పు రాజేసే మందు అడుగు అంచులోనే ఉంటుంది కాబట్టి దాన్ని మళ్లీ నింపడం కుదరదు. అక్కడ పది మార్కుల వలయం 10.4 మిల్లీమీటర్లే! హైదరాబాదులో పెరిగి 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఎయిర్ రైఫిల్ కాంస్యం తెచ్చిన గగన్ నారంగ్ 50 మీటర్ల పోటీలోనూ పాల్గొన్నాడు. ఆ పోటీదారులు తూటా చేసుకోరు, ఎంచుకుంటారు. ఒకే కంపెనీవే అయినా ఒక్కో విడత తూటాలు ఒక్కో రైఫిల్‌కు నప్పుతాయి. ఎలీ, లాపువా లాంటి కంపెనీల పరీక్షా కేంద్రాలకు రైఫిల్ తీసుకెళ్లి, గొట్టాన్ని బిగించి, విడత తర్వాత విడత పేల్చి చూసుకుని, నప్పినదాన్ని కొని తెచ్చుకుంటారు.

మీలో ఎవరైనా పెద్దయ్యాక రైఫిల్ క్లబ్బులో చేరితే, మూడు చిల్లులు ఒకచోట పడ్డ కాగితం తెచ్చి నాకు చూపించకండి నాన్నా. ముప్పై పడ్డ కాగితం తెండి, పక్కన కూర్చుని ఇద్దరం లెక్క కడదాం.