మీకు తెలుసా? చక్కెర పడని చోటే శిలువ!

స్పెయిన్‌లోని గలీసియా ప్రాంతపు బాదం కేకు ‘తార్తా దె సాంతియాగో’ మీద కనిపించే కత్తిలాంటి శిలువ క్రీముతో వేసింది కాదు, చక్కెర పడకుండా వదిలేసిన ఖాళీ!

• కేకు చల్లారాక, శిలువ ఆకారంలో కత్తిరించిన అట్టను పైన పెట్టి, జల్లెడతో చక్కెర పొడి చల్లుతారు. అట్టను పక్కకు కదపకుండా నిటారుగా పైకి తీస్తే, తెల్లటి పొడి నడుమ కేకు రంగులోనే శిలువ తేలుతుంది. వేడి మీద చల్లితే పొడి కరిగిపోతుంది.

• ఈ అలంకరణను 1924లో సాంతియాగో దె కంపోస్తెలా నగరంలోని ‘కాసా మోరా’ మిఠాయి దుకాణం మొదలుపెట్టిందని చెబుతారు.

• 2010లో యూరోపియన్ యూనియన్ ఈ కేకుకు భౌగోళిక గుర్తింపు ఇచ్చింది. ఆ పేరుతో అమ్మాలంటే కేకులో కనీసం 33 శాతం బాదం ఉండాల్సిందే. సంప్రదాయ తయారీలో మైదా వాడరు.