పరదేశంలో వట్టం

రెండు రకాల రూపాయలు ఒకే ఊళ్ళో చెలామణీ అయిన కాలం మా నిజామాబాదు పెద్దవాళ్ళు కొందరికి యింకా జ్ఞాపకమే. ఒకటి నిజాము ప్రభుత్వపు హాలీ సిక్కా, రెండోది బ్రిటిషిండియా కల్దారు. ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దార్లకు సమానం. ఇది నాణేల విలువలో తేడాయే గాని ఎవరి లాభమూ కాదు. మార్చి యిచ్చే సాహుకారు తీసుకునే వట్టం దీనికి అదనం. నిజాంసాగరు 1931లో పూర్తయ్యాక గుంటూరు, కృష్ణా జిల్లాల నుంచి వచ్చి బోధను చుట్టూ భూములు కొని చెరుకు వేసిన కుటుంబాలు కల్దార్లు మూట కట్టుకునే వచ్చాయి. 1950లో భారత రూపాయి యిక్కడికి వచ్చింది. 1959లో హాలీ పూర్తిగా రద్దయింది. వట్టం కూడా దానితోనే పోయిందనుకున్నాం.

పోలేదు. మా మేనత్త బ్యాంకు పుస్తకంలో కనబడింది.

అత్తయ్య కాపురం బోధను దగ్గర ఒక క్యాంపులో. శక్కర్‌నగర్ మిల్లుకు చెరుకు తోలిన యిల్లు అది. (ఆ మిల్లు 2015లో మూతపడింది, ఆ కథ వేరే.) కూతురి పురిటికని ఆవిడ అమెరికా వెళ్ళి ఆరు నెలలున్నది. అల్లుడి ముందు చెయ్యి చాపడం యిష్టం లేక, తన కార్డుతో వారం వారం నలభై డాలర్లు తీసుకునేది. ఎక్కువ తీస్తే ఖర్చయిపోతుందని భయం. తిరిగి వచ్చాక పుస్తకం నా ముందు పెట్టి, "ఏరా అబ్బాయ్, నేను తీసింది తక్కువ, పోయింది ఎక్కువ. తెలుగు చదివినవాడివి, ఈ భాష ఏమిటో చెప్పు" అన్నది.

ఆ భాష చాలా బ్యాంకుల్లో యించుమించు ఒకటే. బయటిదేశంలో యంత్రం నుంచి డబ్బు తీసిన ప్రతిసారీ వంద రూపాయలో, నూట పాతికో ముందు కడతారు. ఎంత తీశారన్నదానితో నిమిత్తం లేదు. ఆపైన ద్రవ్యం మార్చినందుకు నూటికి మూడున్నర. ఈ రెంటి మీదా 18 శాతం పన్ను. చాలదన్నట్టు అక్కడి యంత్రం స్వంతదారు కూడా మూడు డాలర్లో, ఆపైనో పట్టుకుంటాడు.

డాలరు 88 రూపాయలనీ, విడి రుసుము వంద అనీ అనుకోండి. అత్తయ్య నలభై డాలర్లకు అసలు 3,520 రూపాయలు. దాని మీద ఖర్చులు 527. అంటే ఏడు రూపాయలు చేతికి రావడానికి ఎనిమిది పోతున్నాయి! అలా పది సార్లు తీస్తే 5,270 పై మాట. అదే నాలుగు వందల డాలర్లూ ఒక్కసారే తీసి బీరువాలో పెట్టుకుంటే 1,840 లోపు తేలిపోయేది. పొదుపు చేసినందుకే ఆవిడకు దెబ్బ తగిలింది. ఈ మాట చెబితే అత్తయ్య చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "సాహుకారు నయం. ఎదురుగా కూచుని మొహం చూసి తీసుకునేవాడు" అన్నది.

యంత్రం అడిగే ప్రశ్న యింకొకటుంది: లెక్క రూపాయల్లో కట్టమంటారా, యిక్కడి ద్రవ్యంలోనా? మన రూపాయి పేరు చూడగానే ప్రాణం లేచి వస్తుంది. కాని ఒప్పుకున్నామంటే మారకపు ధర నిర్ణయించేది మన బ్యాంకు కాదు, ఆ యంత్రంవాళ్ళే. సాధారణంగా అది మనకు నష్టమే. అమెరికాలో డాలర్లే, దుబాయిలో దిర్హములే అనాలి.

దుబాయి అంటే మా జిల్లాలో పక్క ఊరితో సమానం. హాలీ పోయిన 1959లోనే రిజర్వు బ్యాంకు గల్ఫు దేశాల కోసం ప్రత్యేకంగా రూపాయి నోట్లు వేయించింది. అప్పట్లో అక్కడ చెల్లింది మన రూపాయే! 1966 నాటికి ఆ దేశాల్లో చాలా మటుకు వేరే నాణేలకు మారాయి. ఆ తర్వాత మనవాళ్ళు వేలకొద్దీ వెళ్ళారు.

అత్తయ్య మళ్ళీ ప్రయాణం కడుతోంది. ఈసారి మార్పిడి రుసుము లేని కార్డులేమైనా ఉన్నాయేమో విచారించమన్నది. కొన్ని బ్యాంకులు యిస్తున్నాయి. ఏ కార్డయినా ఒక పని మిగులుతుంది. 2020 మార్చి నుంచి కొత్తగా యిచ్చే కార్డులు మనం అడిగితే తప్ప విదేశాల్లో పనిచెయ్యవు. విమానం ఎక్కే ముందు కాదు, యింట్లో ఉండగానే, బ్యాంకులో మనిషి దొరికే వేళకే ఆ అనుమతి పెట్టించుకోవాలి.