గ్యాలరీని ఖాళీ చేసేది ఏ మ్యాచ్?

శనివారం రాత్రి ఏడున్నరకు, చలికాలమైతే ఎనిమిదిన్నరకు, ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ మ్యాచ్‌ను విజయవాడలో ఫోన్లో లైవ్ చూడొచ్చు. అదే మ్యాచ్‌ను, అది జరుగుతున్న ఊళ్లోనే, స్టేడియానికి రెండు వీధుల అవతల ఇంట్లో ఉన్నవాళ్లు చూడలేరు. టికెట్ కొనుక్కుని లోపలికి వెళ్లాలి, లేదంటే రేడియో పెట్టుకోవాలి. అక్కడ అప్పుడు మధ్యాహ్నం మూడు గంటలు. శనివారం 2.45 నుంచి 5.15 దాకా బ్రిటన్‌లో ఫుట్‌బాల్ లైవ్ ఇవ్వకూడదన్నది నిబంధన. చదువుకోడానికి అక్కడికి వెళ్లిన మన పిల్లలకు మొదటి శనివారమే ఈ సంగతి తెలిసొస్తుంది. ఇండియాలో ఉన్న తమ్ముడు గోల్ చూసి మెసేజ్ పెడతాడు, లీడ్స్‌లో ఉన్న అన్నకు ఆ మ్యాచే రాదు.

ఈ నిబంధన 1960లలో పుట్టింది. దీనికోసం గట్టిగా పట్టుబట్టినవాడు బర్న్‌లీ క్లబ్ చైర్మన్ బాబ్ లార్డ్. బర్న్‌లీ లక్ష జనాభా కూడా లేని మిల్లుల ఊరు. టీవీలో పెద్ద జట్టు ఆడుతుంటే వానలో తడుస్తూ చిన్న జట్టు ఆట చూడ్డానికి ఎవరొస్తారన్నది ఆయన భయం. ఆ భయంలో నిజానికి రెండు ప్రశ్నలున్నాయి. మన జట్టు మ్యాచ్ లైవ్ ఇస్తే మన గ్యాలరీ ఖాళీ అవుతుందా అన్నది ఒకటి. వేరే పెద్ద జట్టు మ్యాచ్ అదే వేళకు లైవ్ వస్తే మన గ్యాలరీ ఖాళీ అవుతుందా అన్నది రెండోది. అరవై ఏళ్లుగా ఈ రెంటినీ ఒకే మూటకట్టి వాదిస్తున్నారు. అంకెలు మాత్రం రెంటికీ వేర్వేరు జవాబులు చెబుతున్నాయి.

ముందు పాత లెక్క చూద్దాం. ఇంగ్లండ్‌లో నాలుగు డివిజన్ల లీగ్ మ్యాచ్‌లకూ కలిపి అత్యధికంగా జనం వచ్చింది 1948-49 సీజన్‌లో. దాదాపు 4.13 కోట్ల మంది. యుద్ధం ముగిసి కొద్ది కాలమే అయింది, చేతిలో నాలుగు డబ్బులున్నాయి, శనివారం మధ్యాహ్నం వేరే కాలక్షేపం పెద్దగా లేదు. అక్కడి నుంచి ఆ సంఖ్య జారిపోతూ వచ్చి 1982-83కి 1.88 కోట్లకు చేరింది. ఈ ముప్ఫై నాలుగేళ్లలో లీగ్ మ్యాచ్‌ల లైవ్ ప్రసారం దాదాపు లేదనే చెప్పాలి. 1960 సెప్టెంబరు 10న బ్లాక్‌పూల్-బోల్టన్ మ్యాచ్‌ను ఐటీవీ చానెల్ లైవ్‌లో చూపించింది. ఆర్సెనల్, టోటెన్‌హామ్ లాంటి క్లబ్బులు తమ మైదానాల్లోకి కెమెరాలను రానివ్వకపోవడంతో ఆ ప్రయత్నం అక్కడే ఆగింది. లీగ్ మ్యాచ్‌లు మళ్లీ లైవ్‌లోకి వచ్చింది 1983 అక్టోబరులో.

జనం రాక అట్టడుగుకు చేరింది 1985-86లో, 1.65 కోట్లకు. శిఖరం నుంచి అడుగు దాకా మొత్తం తగ్గుదల 2.48 కోట్లు. అందులో 2.25 కోట్లు, అంటే పదింట తొమ్మిది వంతులు, లీగ్ లైవ్ మొదలు కాకముందే పోయింది. చేయని నేరానికి లైవ్‌ను బోనెక్కించడం నాకు సబబుగా అనిపించదు.

ఆ 1985-86 సీజన్ దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే పరిశోధకులు కోరుకున్నా దొరకనంత చక్కటి పరీక్ష అప్పుడు దానంతటదే జరిగింది. ప్రసార హక్కుల ధర దగ్గర లీగ్‌కూ టీవీ సంస్థలకూ పేచీ వచ్చింది. ఆగస్టులో సీజన్ మొదలైంది. తెర మీద మాత్రం ఫుట్‌బాల్ లేదు. లైవ్ లేదు, రాత్రిపూట వేసే ముఖ్యాంశాలూ లేవు. జనవరిలో ఆట తెర మీదికి తిరిగి వచ్చేదాకా అభిమానికి ఆట కనిపించే చోటు స్టేడియం ఒక్కటే. లార్డ్ వాదన నిజమైతే ఆ నెలల్లో గేట్ల దగ్గర తోపులాట ఉండాలి. చివరికి ఏమైంది? యుద్ధం తర్వాత లీగ్ ఎన్నడూ చూడనంత తక్కువ జనం ఆ సీజన్‌లోనే వచ్చారు.

ఇందులో ఇంకో విషాదం కూడా ఉంది, దాన్ని దాటేసి లెక్క చెప్పడం న్యాయం కాదు. 1985 మే 11న బ్రాడ్‌ఫర్డ్ స్టేడియంలో చెక్క గ్యాలరీ అంటుకుని 56 మంది చనిపోయారు. అదే నెల 29న బ్రస్సెల్స్‌లోని హేసెల్ స్టేడియంలో తొక్కిసలాటకు 39 మంది బలయ్యారు. పిల్లల్ని స్టేడియానికి తీసుకెళ్లడానికి తండ్రులు జంకిన కాలమది. కాబట్టి టీవీ లేకపోవడం వల్లే జనం తగ్గారని అనలేం. టీవీని ఆపినంత మాత్రాన జనం రారని మాత్రం గట్టిగా అనొచ్చు. తర్వాతి సీజన్‌లో మొదటి నుంచీ టీవీ ఉంది, జనం కూడా కాస్త పెరిగారు.

1992లో ప్రీమియర్ లీగ్ పుట్టాక కథ తిరగబడింది. తొలి సీజన్‌లో 462 మ్యాచ్‌లు జరిగితే స్కై చానెల్ లైవ్ ఇచ్చింది 60, అంటే 13 శాతం. స్టేడియంలో సగటు జనం సుమారు 21 వేలు. 2022-23కి వచ్చేసరికి 380 మ్యాచ్‌ల్లో 200 లైవ్, అంటే 53 శాతం. సగటు జనం 40 వేలు దాటారు. ప్రసారం వాటా నాలుగు రెట్లయింది, గ్యాలరీ దాదాపు రెట్టింపయింది. 2025-26 నుంచి బ్రిటన్‌లో లైవ్ వచ్చే ప్రీమియర్ లీగ్ మ్యాచ్‌లు కనీసం 267.

ఇక్కడ తొందరపడి "లైవ్ వల్లే జనం పెరిగారు" అనేస్తే అది కూడా పొరపాటే. ఆ ముప్ఫై ఏళ్లలో నిలబడి చూసే పాత గ్యాలరీలు పోయి కుర్చీలొచ్చాయి, కొత్త స్టేడియాలు కట్టారు, కొట్లాటలు తగ్గాయి. పైగా ఈ అంకెల్లో దాగుడుమూతలున్నాయి. ప్రీమియర్ లీగ్ స్టేడియాలు దాదాపు నిండే ఉంటాయి. టికెట్ కోసం ఎదురుచూసేవాళ్ల జాబితాలో వేలమంది ఉన్నచోట పదిమంది ఇంట్లో ఆగిపోతే వేరే పదిమంది వచ్చి కూర్చుంటారు. లైవ్ వల్ల నష్టమున్నా అది అంకెలోకి ఎక్కదు. ఇంకా లోతుకు వెళ్తే, క్లబ్బులు ప్రకటించే హాజరు చాలాచోట్ల అమ్ముడైన టికెట్ల లెక్క, గేటు దాటి వచ్చినవాళ్ల లెక్క కాదు. సీజన్ టికెట్ కొన్న మనిషి ఆ రోజు సోఫాలో కూర్చుని మ్యాచ్ చూసినా హాజరు పట్టీలో అతను స్టేడియంలోనే ఉంటాడు. టీవీ వాళ్లు ఎంచుకునేవి ఎలాగూ జనం ఎగబడే మ్యాచ్‌లే కాబట్టి, లైవ్ మ్యాచ్‌ల సగటునూ మామూలు మ్యాచ్‌ల సగటునూ పక్కపక్కన పెట్టి పోల్చినా మోసపోతాం.

అందుకే నిండని స్టేడియాలనూ, నిషేధమే లేని దేశాలనూ చూడాలి. జర్మనీలో 2000 నుంచి బుందెస్‌లిగా మ్యాచ్‌లన్నీ చందా కట్టినవాళ్లకు లైవ్ వస్తున్నాయి, శనివారం మధ్యాహ్నం మూడున్నర మ్యాచ్‌లతో సహా. అప్పట్లో సగటు జనం సుమారు 30 వేలు. పదేళ్లు తిరిగేసరికి 40 వేలు దాటారు. 2006 ప్రపంచ కప్ కోసం కట్టిన స్టేడియాలు ఒక కారణం. నిలబడి చూసే చౌక టికెట్లు ఇంకో కారణం. డార్ట్‌మండ్ స్టేడియంలో దక్షిణ గ్యాలరీ ఒక్కదాంట్లోనే పాతిక వేలమంది దాకా నిలబడి చూస్తారు. ఆ గుంపులో గొంతు కలపడానికి వచ్చేవాడికి ఫోన్ ప్రత్యామ్నాయం కాదు.

జర్మనీ సంగతి కోర్టులో కూడా ప్రస్తావనకు వచ్చింది. పోర్ట్స్‌మత్‌లో పబ్ నడిపే కరెన్ మర్ఫీ గ్రీసు నుంచి డీకోడర్ తెచ్చుకుని మ్యాచ్‌లు చూపించింది. జరిమానా, ఖర్చులు కలిపి దాదాపు 8 వేల పౌండ్లు పడితే ఊరుకోకుండా యూరోపియన్ న్యాయస్థానం దాకా వెళ్లింది. 2011లో అక్కడి అడ్వొకేట్ జనరల్ యూలియానే కోకోట్ తన అభిప్రాయంలో, ఇలాంటి నిషేధం వల్ల స్టేడియానికి జనం వస్తారన్నదే సందేహమని, జర్మనీలో అన్నీ లైవ్ ఇస్తున్నా హాజరు దెబ్బతినలేదని రాశారు.

ఇంతవరకు చూస్తే బాబ్ లార్డ్ పూర్తిగా ఓడిపోయినట్టే. కానీ రెండో ప్రశ్న మిగిలే ఉంది.

డేవిడ్ ఫారెస్ట్, రాబ్ సిమన్స్ అనే ఆర్థికవేత్తలు ఇంగ్లండ్ కింది డివిజన్ల హాజరును మ్యాచ్ తర్వాత మ్యాచ్ పరిశీలించారు. వారం మధ్యలో చాంపియన్స్ లీగ్ మ్యాచ్ ఉచిత చానెల్‌లో వచ్చిన రాత్రి చిన్న క్లబ్బుల గ్యాలరీలు పలచబడ్డాయని తేల్చారు. జర్మనీ కింది డివిజన్ల మీద వాల్‌రాఫెన్, పావ్‌లోవ్‌స్కీ, డాయిచెర్ చేసిన అధ్యయనంలోనూ అదే కనిపించింది. పెద్ద లీగ్ మ్యాచ్ అదే వేళకు ఉంటే చిన్న జట్టు ఆటకు వచ్చేవాళ్లు తగ్గుతున్నారు. అంటే చిన్న క్లబ్బు గ్యాలరీకి గండి కొట్టేది తన మ్యాచ్ లైవ్ కన్నా పక్కవాళ్ల మ్యాచ్. లార్డ్ భయం సగం నిజం, ఆ సగం చాలా ముఖ్యమైన సగం.

మరి చిన్న క్లబ్బు తన మ్యాచ్‌ను తానే స్ట్రీమ్ చేసుకుంటే? ఇంగ్లండ్ కింది డివిజన్ల క్లబ్బులు కొన్నేళ్ల పాటు ఐఫాలో అనే సేవలో వారం మధ్య మ్యాచ్‌లను పది పౌండ్లకు అమ్ముకున్నాయి. దాన్ని ఊహగా ఒక లెక్కలో పెట్టి చూద్దాం. టికెట్ 20 పౌండ్లు, లోపల టీకీ తిండికీ 5 పౌండ్లు. స్ట్రీమింగ్ ధర పదిలో ఖర్చులు పోగా క్లబ్బుకు మిగిలేది 8 అనుకుందాం. స్టేడియానికి రావలసినవాడు ఒకడు ఇంట్లో ఆగిపోతే పోయేది 25, వచ్చేది 8, నికర నష్టం 17. ఎలాగూ రాలేనివాడు, అంటే ఊరు విడిచి వెళ్లినవాడో మంచం మీదున్న ముసలాయనో నైట్‌షిఫ్టు నర్సో కొంటే వచ్చేది పూర్తిగా లాభం, 8. కాబట్టి ఆగిపోయిన ఒక్కొక్కరికీ రాలేనివాళ్లు ఇద్దరి కంటే కాస్త ఎక్కువమంది కొంటే క్లబ్బు గట్టున పడుతుంది. టికెట్ 30 పౌండ్లయితే నష్టం 27, అప్పుడు ముగ్గురికి పైగా కావాలి. ఊరు దాటి అభిమానులు చెదిరిపోయిన పాత క్లబ్బుకు ఇది తేలిక. ఊళ్లో తప్ప బయట ఎవరికీ తెలియని క్లబ్బుకు కష్టం. అందరికీ ఒకే నిబంధన పెట్టడంలో ఉన్న చిక్కు ఇదే.

లైవ్ మీద వేస్తున్న నిందలో మరో భాగం నిజానికి వేళలది. సోమవారం రాత్రి ఎనిమిదికి న్యూకాసిల్‌లో మ్యాచ్ పెడితే లండన్ జట్టు అభిమాని 450 కిలోమీటర్లు వెళ్లి, ఆట ముగిసేసరికి తిరుగు రైలు లేక అక్కడే చిక్కుకుపోతాడు. అతను రాకపోవడానికి కారణం కెమెరా కాదు, కెమెరా కోసం జరిపిన గడియారం. జర్మనీ అభిమానులు సోమవారం మ్యాచ్‌ల మీద తిరగబడి బ్యానర్లు కట్టారు, గ్యాలరీలో మౌనం పాటించారు. 2021-22 నుంచి బుందెస్‌లిగాలో సోమవారం మ్యాచ్‌లు లేవు. ప్రతి మ్యాచ్ లైవ్ రావడం మీద లేని కోపం వాళ్లకు వేళల మీద వచ్చింది.

కోవిడ్ కాలం ఇంకో పరీక్ష పెట్టింది. గేట్లు మూసిన 2020-21లో ఇంగ్లండ్ నిషేధాన్ని పక్కన పెట్టింది. ప్రీమియర్ లీగ్ మ్యాచ్‌లన్నీ ఇంట్లోకే వచ్చాయి. ఏడాది పాటు సోఫాకు అలవాటు పడ్డ జనం మళ్లీ రారేమోనన్న బెంగ ఉండేది. 2021-22లో గేట్లు తీశాక సగటు దాదాపు 40 వేలకు చేరింది.

మన దగ్గరికి వస్తే ఇండియన్ సూపర్ లీగ్ తొలి సీజన్, 2014 నుంచీ మ్యాచ్‌లు టీవీలో లైవే. అయినా ఆ ఏడాది సగటున పాతిక వేల దరిదాపుల్లో జనం వచ్చారు. సీజన్ మూడు నెలల నుంచి అయిదు నెలల దాకా సాగాక హాజరు బాగా పడిపోయింది. ప్రసారం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. మారింది మిగతా ఏర్పాట్లు. 2024 మే 4న మోహన్ బగాన్, ముంబయి సిటీ ఫైనల్ జియోసినిమాలో వస్తుండగానే కోల్‌కతా సాల్ట్ లేక్‌లో 62 వేలమంది కూర్చున్నారు.

హైదరాబాద్ సంగతి రాయాలంటే మనసుకు కష్టంగా ఉంటుంది. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాద్ పోలీసు జట్టు 1950 నుంచి వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచిన నగరమిది. అలాంటి ఊరికి 2019లో సూపర్ లీగ్ జట్టు వచ్చింది. గచ్చిబౌలిలో ఒక్క సీజన్ ఆడింది, ఆఖరి స్థానంలో నిలిచింది. కోవిడ్ వల్ల తర్వాతి రెండు సీజన్లూ గోవాలోనే జరిగాయి. 2022 మార్చిలో జట్టు చాంపియన్ అయినప్పుడు ఆ ఆట చూసిన హైదరాబాదీల్లో చాలామంది తెర మీదే చూశారు. ఆ గెలుపు వేడిలో తిరిగి సొంత మైదానానికి వచ్చిన జట్టు ఎక్కువ కాలం నిలవలేదు. డబ్బు చిక్కులు వచ్చాయి, ఆటగాళ్లు వెళ్లిపోయారు, 2025లో క్లబ్బే ఢిల్లీకి తరలి పేరు మార్చుకుంది. గచ్చిబౌలి గ్యాలరీ ఖాళీ అయిందంటే దాని నేరం ఏ యాప్ మీదా వేయలేం. ఒక తరం పిల్లలకు శనివారం సాయంత్రం స్టేడియానికి వెళ్లే అలవాటు పడేలోపే వెళ్లడానికి జట్టు లేకుండా పోయింది.

ఇంగ్లండ్ విషయంలో అడగవలసింది చిన్నదే. ప్రీమియర్ లీగ్ మ్యాచ్‌లకు శనివారం మధ్యాహ్నం మూడు గంటల వేళ నిషేధాన్ని అలాగే ఉంచి, నాలుగో డివిజన్ క్లబ్బులు తమ మ్యాచ్‌ను తాము స్ట్రీమ్ చేసుకోడానికి మాత్రం ఒక సీజన్ అనుమతిస్తే చాలు. సగం వారాలు అనుమతి, సగం వారాలు లేదు, ఏ వారం ఏదో చీటీ తీసి ముందే ప్రకటించాలి. హాజరును అమ్మిన టికెట్లతో కాకుండా గేటు దగ్గర తిరిగిన చక్రంతో లెక్కించాలి. 24 క్లబ్బులు, ఒక్కోదానికి సొంత మైదానంలో 23 మ్యాచ్‌లు, మొత్తం 552. వాటిలో వారం మధ్యలో పడేవి తీసేసినా, అరవై ఏళ్ల వాదనను తేల్చడానికి కావలసినన్ని మ్యాచ్‌లు మిగులుతాయి.