వలయ రహదారులు – నగర విస్తరణ

మందసలో జీడిపప్పు పెట్టెలతో ఒక లారీ విజయవాడకు బయలుదేరిందని అనుకోండి. హరిపురం దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కి, పలాస, టెక్కలి, శ్రీకాకుళం మీదుగా అది ఆనందపురం చేరుతుంది. అక్కడ డ్రైవరు ఒక నిర్ణయం తీసుకోవాలి. నేరుగా పోతే మధురవాడ, హనుమంతవాక, మద్దిలపాలెం, ఎన్‌.ఏ.డి. కొత్తరోడ్డు, గాజువాక, అంటే విశాఖపట్నం నడిబొడ్డు. కుడివైపు తిరిగితే పెందుర్తి, సబ్బవరం మీదుగా అనకాపల్లి. ఈ రెండో దారి సుమారు 51 కిలోమీటర్లు. ఇటీవలి సంవత్సరాల్లో దీన్ని ఆరు వరుసలకు విస్తరించారు. విశాఖలో పనిలేని లారీ ఆ దారే పట్టాలి. నగరాన్ని తప్పించే మార్గాలను ఎందుకు నిర్మిస్తారో, అవి దేనిని సాధిస్తాయో, దేనిని సాధించలేవో ఈ పాఠంలో తెలుసుకుంటారు.

ముందుగా పదాలు. ఊరిని ఒక పక్కగా తప్పించి మళ్లీ పాత రోడ్డులో కలిసేది బైపాస్. నగరం చుట్టూ పూర్తిగా తిరిగి, నగరంలోకి వచ్చే ప్రధాన రహదారులన్నిటినీ ఒకదానితో ఒకటి కలిపేది వలయ రహదారి, వాడుకలో రింగ్ రోడ్డు. విశాఖకు పూర్తి వలయం సాధ్యం కాదు. తూర్పున సముద్రం ఉంది. అందువల్ల సింహాచలం కొండల వెనుక నుంచి పోయే ఆనందపురం–అనకాపల్లి మార్గాన్ని అర్ధవలయంగా భావించవచ్చు. తీరనగరాలు చాలావాటికి ఇదే పరిస్థితి.

పూర్తి వలయానికి మన దగ్గర ఉన్న ఉదాహరణ హైదరాబాదు చుట్టూ ఉన్న నెహ్రూ ఔటర్ రింగ్ రోడ్డు. పొడవు 158 కిలోమీటర్లు, ఎనిమిది వరుసలు. గచ్చిబౌలి–శంషాబాద్ భాగం 2008లో మొదలై, చివరి ముక్క 2018లో పూర్తయింది. దీని ప్రధాన మార్గంలోకి ఎక్కడపడితే అక్కడ ఎక్కడానికి వీల్లేదు. ఇంటర్‌ఛేంజ్‌ల దగ్గరే ఎక్కాలి, అక్కడే దిగాలి, తిరిగిన దూరాన్ని బట్టి టోల్ కట్టాలి. ద్విచక్ర వాహనాలకు, ఆటోలకు, పాదచారులకు ప్రవేశం లేదు. వారికి పక్కన సర్వీసు రోడ్లు. వేగానికి అసలు కారణం వెడల్పు కాదు, ఈ నియంత్రణే. ఆరు వరుసల రోడ్డయినా ప్రతి పల్లె దారీ వచ్చి కలుస్తుంటే, మధ్యలో ఎక్కడో ఒక చోట ఎడ్లబండికోసం బ్రేకు వేయక తప్పదు.

చుట్టు తిరిగితే దూరం పెరగదా అని మీకు సందేహం రావాలి. లెక్క కట్టి చూడండి. 158 కిలోమీటర్ల చుట్టుకొలత ఉన్న వృత్తానికి వ్యాసం సుమారు 50 కిలోమీటర్లు. ఒక అంచు నుంచి ఎదుటి అంచుకు నగరం మధ్యగా పోతే 50, వలయం మీద పోతే 79. అంటే దూరం సగానికి పైగా పెరిగింది. కాని నగరంలో సగటు వేగం గంటకు 25 కిలోమీటర్లనుకుంటే మొదటి దారికి రెండు గంటలు. వలయం మీద గంటకు 100 చొప్పున 47 నిమిషాలు. డీజిలు ఎక్కువ, టోల్ అదనం, సమయం తక్కువ. లారీ యజమాని ఈ మూడింటినీ బేరీజు వేసుకుంటాడు. రాత్రి రెండు గంటలకు నగరం రోడ్లు ఖాళీగా ఉంటే లెక్క తారుమారవుతుంది. అందుకే చాలాచోట్ల పగటిపూట బరువు లారీలను ఊళ్లోకి రానివ్వరు.

ఇప్పుడు మరో ప్రయాణికుణ్ణి చూడండి. ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో బాధపడే మనిషి విశాఖలోని కింగ్ జార్జ్ ఆసుపత్రికి బయలుదేరాడు. అతనికి ఆనందపురం మలుపు ఎందుకూ పనికిరాదు. అతని గమ్యమే నగరం లోపల ఉంది. రాకపోకలను దాటిపోయేవి, గమ్యం చేరేవి, నగరం లోపలే తిరిగేవి అని మూడు రకాలుగా విడదీయాలి. వలయ రహదారి సూటిగా తగ్గించేది మొదటి రకాన్నే. పెద్ద నగరంలో ఆ రకం వాటా సాధారణంగా చిన్నది. చిన్న పట్టణంలో పెద్దది. కనుక బైపాస్ వేసిన వెంటనే చిన్న ఊరికి ఊపిరాడుతుంది, మహానగరానికి అంతగా తేడా తెలియదు. ఉద్దానం రోగి ప్రయాణాన్ని తగ్గించేది రోడ్డు కాదు. 2023 డిసెంబరులో పలాసలో ప్రారంభమైన కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి వంటివే ఆ పని చేయగలవు. గమ్యాన్ని మనిషి దగ్గరకు తేవడం కూడా రవాణా ప్రణాళికే. మన ప్రణాళికా చర్చల్లో ఈ మాట తక్కువగా వినిపిస్తుందని నా అభిప్రాయం.

వలయం మరో పని చేస్తుంది, అది అడిగినా అడగకపోయినా. నగరాన్ని తన వైపు లాక్కుంటుంది. హైదరాబాదు వలయానికి ఇరువైపులా కిలోమీటరు మేర భూమిని అభివృద్ధి కారిడార్‌గా ప్రకటించారు. నిన్నటిదాకా ఎకరాల్లో చెప్పిన ధర గజాల్లోకి మారుతుంది. ఇళ్లు, గిడ్డంగులు, కళాశాలలు వస్తాయి. దాటిపోయే బండ్లకోసం వేసిన రోడ్డు స్థానికుల రోజువారీ రోడ్డవుతుంది. లండన్ చుట్టూ 188 కిలోమీటర్ల ఎం-25 రహదారి 1986లో పూర్తయి, కొద్ది సంవత్సరాల్లోనే కిక్కిరిసింది, విస్తరించక తప్పలేదు. రద్దీ వేళల్లో కొత్త ఎక్స్‌ప్రెస్ రోడ్డు నిండిపోయే తీరును ఆంథొనీ డౌన్స్ అనే ఆర్థికవేత్త 1962లోనే వివరించాడు. రోడ్డు ఖాళీగా ఉందని తెలియగానే ఇతర దారుల్లో పోయేవారు, ఇతర వేళల్లో పోయేవారు, బస్సులో పోయేవారు దాని మీదికి మళ్లుతారు. హైదరాబాదుకు ఇంకా బయట, సుమారు 340 కిలోమీటర్ల ప్రాంతీయ వలయ రహదారిని తలపెట్టడాన్ని ఈ వెలుగులో చూడండి.

మరి వలయం కింద పోయే భూమి? జాతీయ రహదారికి భూమిని 1956 నాటి జాతీయ రహదారుల చట్టం కింద సేకరిస్తారు. పరిహారానికి మాత్రం 2013 భూసేకరణ చట్టంలోని సూత్రాలు 2015 జనవరి 1 నుంచి వర్తిస్తున్నాయి. మార్కెట్ విలువతోపాటు చెట్ల విలువ కట్టాలి, దానిపై నూరు శాతం సొలేషియం ఇవ్వాలి. ఉద్దానం వంటి చోట చెట్ల లెక్క చిన్న విషయం కాదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు కూలిన కొబ్బరితోటల స్థానంలో కొత్త మొక్క కాపుకు రావడానికి ఎన్నేళ్లు పడుతుందో అక్కడి రైతు చెప్పగలడు. భూమి ముక్కలవడం వల్ల కలిగే నష్టాన్ని కూడా 1956 చట్టం గుర్తించింది. పొలం మధ్యగా కట్ట లేస్తే ఇల్లు ఒక పక్క, చేను మరో పక్క ఉండిపోతాయి. అండర్‌పాస్ రెండు కిలోమీటర్ల దూరంలో ఉంటే నాగలి పట్టినవాడు పోవడానికి నాలుగు, రావడానికి నాలుగు, రోజూ ఎనిమిది కిలోమీటర్లు అదనంగా తిరగాలి. ఈ నష్టం ఒక్కసారి ఇచ్చే డబ్బుతో తీరదు. అందుకే ఒక రహదారి పథకం మంచిదా కాదా అని నన్నడిగితే ఫ్లైఓవర్లు ఎన్ని అని చూడను, అండర్‌పాస్‌లు ఎక్కడెక్కడ, ట్రాక్టరు పట్టే ఎత్తు ఉందా లేదా అని చూస్తాను.

అభ్యాసం: మీ ఊరికి దగ్గరలో బైపాస్ పడిన ఒక కూడలిని ఎంచుకోండి. పాత రోడ్డు మీద ఇప్పుడున్న టీ కొట్లు, టైర్ల పంక్చర్ షాపులు, లాడ్జీలు ఎన్ని, కొత్త రోడ్డు పక్కకు వెళ్లినవి ఎన్ని లెక్కపెట్టండి. ఒక గంటసేపు నిలబడి వాహనాలను పైన చెప్పిన మూడు రకాలుగా విడదీయడానికి ప్రయత్నించండి. నంబరు ప్లేటు చూసి ఏవి దాటిపోయేవో కొంతవరకే ఊహించవచ్చు. తక్కినవాటికి డ్రైవర్లను అడగాలి. రోడ్డుకు ఇరువైపులా పొలమున్న రైతు ఒకరితో మాట్లాడి, ఆయన రోజూ తిరిగే దారిని పటంగా గీయండి.