మొదటి పది పేజీలు

ఆ మధ్య ఒక సాయంత్రం మా ఆవిడతో కలిసి హైదరాబాదు పుస్తక ప్రదర్శనకు వెళ్ళాను. పెద్ద పెద్ద ప్రచురణ సంస్థల దుకాణాలన్నీ తిరిగి, చేతిసంచీ బరువెక్కిన తరువాత బయటికి వస్తూంటే ఒక మూల చిన్న బల్ల కనిపించింది. దాని వెనుక ముప్పై యేళ్ళైనా నిండని అబ్బాయి నిలబడి వున్నాడు. బల్లమీద వున్నది ఒకే పుస్తకం. దాని ప్రతులే యాభై అరవై దొంతరగా పేర్చి వున్నాయి. అట్టమీద చీకటి, చీకట్లో ఒక మేడ, మేడ మెట్లమీద ఒంటి చెప్పు. డిటెక్టివు నవల అని వేరే చెప్పనక్కరలేదు.

పుస్తకం చేతికి తీసుకోగానే ప్రచురణకర్త ఎవరా అని చూడడం నాకు అలవాటు. ఇందులో ఏ సంస్థ పేరూ లేదు. "ప్రచురణ: రచయిత" అని మాత్రం వుంది.

"మీరే అచ్చు వేయించుకున్నారా?" అన్నాను.

"అవునండి. మొదటి పది పేజీలు ఇక్కడే నిలబడి చదవండి. నచ్చకపోతే పెట్టేసి వెళ్ళండి" అన్నాడు.

"అలాగే, తిరిగి వచ్చేటప్పుడు చూస్తాను" అన్నాను. నేను అప్పటికే తిరిగి వెళ్ళిపోతున్నానని అతనికీ తెలుసు, నాకూ తెలుసు.

నా అనుమానానికి కారణం లేకపోలేదు. ఎవరూ వేయమన్న పుస్తకాన్నే కదా రచయిత తన డబ్బు పోసి వేయించుకునేది, అని నా వాదం. అదీగాక వెనుక ఒకసారి మొహమాటానికి ఇలాంటి పుస్తకం ఒకటి కొని చెయ్యి కాల్చుకున్నాను. అందులో మూడో అధ్యాయంలో చనిపోయిన మామగారు ఏడో అధ్యాయంలో వాకిట్లో కూర్చుని కాఫీ తాగాడు. దయ్యాల కథ కాబోలని ఇరవై పేజీలు ఓపిక పట్టాను. కాదు, రచయిత మరిచిపోయాడు, అంతే.

ఇంటికి వచ్చి సంచీ విప్పితే ఆ ఒంటి చెప్పు పుస్తకం బయటపడింది. నేను అటు తిరిగి పల్లీలు కొంటున్నప్పుడు మా ఆవిడ కొనేసిందట.

"పాపం, అబ్బాయి అంతసేపటినుంచీ నిలబడి వున్నాడు" అంది.

"జాలిపడి పుస్తకాలు కొంటారా ఎక్కడైనా?"

"జాలిపడి కాదు. మీరు ఆ అబ్బాయితో మాట్లాడుతూ వుండగా నేను నాలుగు పేజీలు చదివాను. ఆ చెప్పు ఎవరిదో తెలుసుకోవాలి."

మర్నాడు ఆదివారం. ఒంటిగంట అయినా వంటింట్లో అలికిడి లేదు. వెళ్ళి చూస్తే ఈవిడ గోడకు జారగిలబడి చదువుతోంది. పొయ్యిమీద పప్పు అడుగంటి వాసన వేస్తోంది. "ఏమండీ, ఆ స్టవ్వు కాస్త కట్టేయండి" అంది తల ఎత్తకుండానే. ఆ రాత్రి పుస్తకం నా చేతికి వచ్చింది. రెండుగంటలకు ముగించాను. నలభయ్యారో పేజీలో ఒక పేరా రెండుసార్లు పడింది. అచ్చుతప్పులు బియ్యంలో రాళ్ళలా తగులుతూనే వున్నాయి. అయినా కథ మాత్రం ఎక్కడా తూలలేదు. ఆధారాలన్నీ రచయిత నా కళ్ళముందే పెట్టాడు. నేనే చూడలేకపోయాను. డాక్టరుగారిమీద నూట యాభై పేజీలు అనుమానపడి అభాసుపాలయ్యాను.

అంతటితో ఊరుకోలేకపోయాను. ఇలాంటి మంచి పుస్తకం ఎవరూ వేయకపోవడం ఈ ఒక్కడికే జరిగిందా, లేక లోకంలో మామూలేనా అని పాత సంగతులు తిరగవేశాను. నా వాదం కూలిపోవడానికి ఆ చరిత్రలో ఒక్క గుర్రపు బండి చాలింది.

1885లో ఫెర్గస్ హ్యూమ్ అనే యువకుడు న్యూజిలాండునుంచి ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌కు వచ్చి, ఒక బారిస్టరు దగ్గర గుమాస్తాగా చేరాడు. అతని కోరిక నాటకాలు రాయాలని. కాని ఊరూ పేరూ లేనివాడి నాటకం చదవడానికి నాటకశాలలవారికి తీరికేదీ? ముందు ఒక నవల రాసి పేరు తెచ్చుకుంటే వాళ్ళే పిలుస్తారని ఆలోచించాడు. తిన్నగా ఒక పుస్తకాల షాపుకు వెళ్ళి, ఏ రకం పుస్తకాలు బాగా అమ్ముడవుతాయని అడిగాడు. ఫ్రెంచి రచయిత గబోరియో రాసిన డిటెక్టివు కథలని చెప్పారు. హ్యూమ్ ఆ పేరే ఎన్నడూ వినలేదు. షాపులో వున్న గబోరియో పుస్తకాలన్నీ కొనుక్కుని శ్రద్ధగా చదివాడు. రాత్రులు మెల్‌బోర్న్ పేటల్లో తిరిగి అక్కడి బీదజనం బతుకు కళ్ళారా చూశాడు. అప్పుడు రాశాడు "ది మిస్టరీ ఆఫ్ ఎ హాన్సమ్ కాబ్".

హాన్సమ్ కాబ్ అంటే ఇద్దరు కూర్చునే రెండు చక్రాల గుర్రపు బండి. తోలేవాడు బయట వెనుకవైపు ఎత్తున కూర్చుంటాడు. ఒక రాత్రి తప్పతాగిన ఒక పెద్దమనిషిని మరొకడు బండిలోకి ఎక్కిస్తాడు. దారిలో ఆ రెండోవాడు దిగిపోతాడు. కొంతదూరం పోయాక బండివాడు లోపలికి చూస్తే మిగిలినవాడు క్లోరోఫారం తడిపిన రుమాలుతో ప్రాణం పోయి వున్నాడు. ఇదంతా మొదటి అధ్యాయంలోనే పత్రికలో పడిన వార్తగా మనకు తెలుస్తుంది. ఇక పుస్తకం కింద పెట్టడం మన తరమా?

మెల్‌బోర్న్ ప్రచురణకర్తలకు మాత్రం చేతికి తీసుకోవడమే తరం కాలేదు. వలసదేశంలో పుట్టి పెరిగినవాళ్ళు చదవదగ్గది ఏమి రాయగలరని లిఖిత ప్రతిని విప్పి అయినా చూడలేదని హ్యూమే తరువాత రాసుకున్నాడు. అప్పుడతను 1886లో స్వంత ఖర్చుతో అయిదువేల ప్రతులు వేయించాడు. అవి మూడు వారాల్లో చెల్లిపోయాయి. మళ్ళీ అచ్చు, మళ్ళీ అచ్చు. మరుసటి ఏడు లండన్‌లో ఈ ఒక్క పుస్తకం అమ్మడానికే ఒక కంపెనీ లేచింది. అక్కడ అది లక్షల్లో అమ్ముడుపోయింది. షెర్లాక్ హోమ్స్ మొదటి నవల వెలువడింది కూడా ఆ 1887లోనే. అయితే ఆనాడు గిరాకీ హోమ్స్‌కు కాదు, గుర్రపు బండికే.

ఇంతకూ హ్యూమ్‌కు దక్కింది ఎంత? ఏభై పౌన్లు. ఆస్ట్రేలియా దాటితే ఈ కథ ఎవరు చదువుతారులే అని హక్కులన్నీ ఆ మొత్తానికే అమ్మేశాడు. లక్షల ప్రతుల మీద వచ్చిన లాభం కొనుక్కున్నవాళ్ళది. చదివేవాళ్ళు ఇంతమంది వున్నారన్న నమ్మకం చివరికి రాసినవాడికీ లేకపోయింది. 1932లో కన్నుమూసేలోగా అతను నూరుకు పైగా నవలలు రాశాడు. ఏదీ ఆ మొదటిదాని దరిదాపులకు రాలేదు. పుస్తకానికి ఎంత పేరు వచ్చిందంటే, దాన్ని రాసింది తామేనని చెప్పుకు తిరిగినవాళ్ళు కూడా బయలుదేరారు!

పాతకాలపు మాట అంటారేమో. మన కాలంలోనే ఆండీ వియర్ అనే అమెరికన్ వున్నాడు. అప్పట్లో కంప్యూటరు ప్రోగ్రాములు రాసే ఉద్యోగిగా వుండేవాడు. అంతకుముందు కొంతకాలం పని మానుకుని రచయితగా నిలదొక్కుకోవాలని చూశాడు. ఎవరూ ఆదరించలేదు. సరే, మనకు రాసిపెట్టి లేదనుకుని మళ్ళీ ఉద్యోగంలో చేరి, అంగారకుడి మీద ఒంటరిగా చిక్కుపడిన వ్యోమగామి కథను తన ఇంటర్నెట్టు పుటలో అధ్యాయం తరువాత అధ్యాయం ఉచితంగా పెడుతూ వచ్చాడు. చదివేవాళ్ళు ఊరుకోలేదు. రసాయనశాస్త్రం తెలిసినవారు ఇక్కడ లెక్క తప్పిందని ఉత్తరాలు రాశారు. అతను దిద్దుకున్నాడు. తరువాత వాళ్ళే, మా కిండిల్‌లో చదువుకునే వీలు కల్పించమన్నారు. అక్కడ ఉచితంగా పెట్టడానికి వీల్లేక, పెట్టగలిగినంత తక్కువ ధర, అంటే 99 సెంట్లు పెట్టాడు. అదే 2011 నాటి "ది మార్షియన్". 2014లో ఒక పెద్ద ప్రచురణ సంస్థ దాన్ని వేసింది. 2015లో సినిమా అయింది.

ఈ రెండు కథలూ చదివాక నాకు ఒక సంగతి తట్టింది. డిటెక్టివు కథ, దయ్యం కథ, అంతరిక్షం కథ — ఇవన్నీ పాఠకుడికి ముందే ఒక మాట ఇచ్చి మొదలుపెడతాయి. డిటెక్టివు కథ ఆధారాలు దాచకూడదు. దయ్యం కథ వీపు జలదరింపజేయాలి. ఇచ్చిన మాట నిలబెట్టుకున్నదీ లేనిదీ చెప్పడానికి పండితుడు అక్కరలేదు. అలాంటి కథలు పాతిక చదివినవాడెవడైనా చెప్పగలడు. మా ఆవిడ నాలుగు పేజీల్లో చెప్పింది. ప్రచురణకర్త ముద్ర చూసి పుస్తకం కొనడమంటే, మన నాలుక మనకుండగా రుచి ఎదుటివాణ్ణి అడగడమే.

ఆ మాటకొస్తే తెలుగువాళ్ళకు ఇది కొత్త విద్య కాదు. కొవ్వలి లక్ష్మీనరసింహారావుగారి నవలలు వెయ్యికి పైగా వచ్చాయంటారు. వాటిని పెద్దలు పెదవి విరుస్తూ చూశారు. రైళ్ళలో జనం మాత్రం కళ్ళకద్దుకున్నారు. ఆ నవలల కోసమే అక్షరాలు కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నవారున్నారని చెప్పుకుంటారు. కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివు యుగంధర్‌నూ, అసిస్టెంటు రాజునూ తలగడ కింద దాచుకుని చదవని ఇల్లు ఆ తరంలో ఎక్కడో గాని వుండదు. అవి రచయితలు స్వంతంగా వేసుకున్న పుస్తకాలని నేననడం లేదు. బాగున్నదీ లేనిదీ తేల్చింది మాత్రం విమర్శకులు కాదు, రైలుపెట్టెలో ఎదురుబల్లమీద కూర్చున్న పాఠకులు.

ఇప్పుడు ఆ రైలుపెట్టె మరీ పెద్దదైపోయింది. ప్రతిలిపి వంటి చోట తెలుగులో ఎవరి సీరియల్ వారు పెట్టుకుంటున్నారు. అందులో తాలు ఎక్కువే, కాదనను. ఏరుకోవడానికి మాకు కుదిరిన పద్ధతి చెబుతాను. వెనుక అట్టమీది పొగడ్తలు మేము చదవం. మొదటి పది పేజీలు చదువుతాం. అట్టలు లేని పుస్తకాలకు కూడా సాధారణంగా మొదటి కొన్ని పేజీలు ఉచితంగానే చూపిస్తారు. పాఠకుల అభిప్రాయాలుంటే, "అద్భుతం" అన్నవాటినీ "చెత్త" అన్నవాటినీ వదిలేసి, ఇది బాగుంది, ఇది బాగులేదు అని విడమరిచి చెప్పినవాటిని చూస్తాం. ఒక రచయిత నచ్చితే అతని మిగతా పుస్తకాలు వెతుక్కుంటాం. పది తెరిస్తే రెండు చివరిదాకా చదివిస్తున్నాయి. దుకాణాల్లో కొన్నవాటి లెక్క మాత్రం ఇంతకంటే గొప్పగా వుందా, అంటుంది మా ఆవిడ.

అయితే ఏరుకోవడంతో మన పని తీరదు. పెద్ద సంస్థ పుస్తకానికి ప్రకటనలుంటాయి. స్వంతంగా వేసుకున్నవాడికి చదివినవాడి నోరు తప్ప వేరే ప్రకటన లేదు. ఈ ముక్క నాకు ఆలస్యంగా అర్థమైంది. ఆ ఒంటి చెప్పు పుస్తకం మేమిద్దరం చదివి, నాలుగు రోజులు మెచ్చుకుని, బీరువాలో పెట్టేసి ఊరుకున్నాం. చివరి పేజీలో అచ్చయి వున్న అతని చిరునామా ఆరు నెలల తరువాత గాని నా కంటబడలేదు.

అప్పుడు ఉత్తరం రాశాను. డాక్టరుగారిమీద ఎందుకు అనుమానపడ్డానో రాశాను. నలభయ్యారో పేజీలో రెండుసార్లు పడిన పేరా సంగతీ రాశాను. వారం తిరక్కుండా ఫోను చేశాడు. బాగుందని చాలామంది అన్నారుగాని, ఎక్కడ పొరపడ్డారో చెప్పింది మీరేనండి అన్నాడు. రెండో నవల సగంలో ఆపేశాడట. మొదటిదాని ప్రతులే ఇంకా మంచం కింద అట్టపెట్టెల్లో వున్నాయట.

అందులోంచి పది ప్రతులు పంపమని డబ్బు కట్టాను. మా వదినగారికొకటి, బావమరిదికొకటి, వీధి చివర లైబ్రరీకి రెండు. ఈ యేడు పెళ్ళిళ్ళకూ గృహప్రవేశాలకూ చదివింపులు అవే. వచ్చే ప్రదర్శననాటికి రెండో నవల పూర్తవుతుందా అని అడిగితే, చెప్పలేనండి అన్నాడు.

పూర్తయితే మాత్రం ఈసారి ఆ బల్ల దగ్గరే నిలబడి పది పేజీలూ చదువుతాను. మా ఆవిడ అంతవరకూ ఆగుతుందని నాకు నమ్మకం లేదు. సగం రాసినదాన్నే పంపమని అడుగుదామా అంటోంది.