లాగోస్‌లో ఆ మూడు నెలలు

కాంగోలో ఎబోలా అని టీవీలో స్క్రోలింగ్ పడితే చాలు, శ్రీకాకుళం జిల్లాలోని మా ఊరి నుంచి నాకు ఫోన్ వచ్చేస్తుంది. కాంగో వేరు, నేనుండే నైజీరియా వేరు అని ఎన్నిసార్లు చెప్పినా మా అమ్మకి ఆఫ్రికా అంతా ఒకటే ఊరు. ఆమె భయంలో తప్పు లేదు. 2014లో ఆ జబ్బు నిజంగానే లాగోస్‌కి వచ్చింది. మూడు నెలల్లో వెళ్లిపోయింది కూడా. దాన్ని ఎలా కట్టడి చేశారో ఇక్కడే ఉండి చూసినవాడిగా, మన వాళ్లకు చెప్పాలని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

అప్పటికి నేను సివిల్ డిప్లొమా చేసి, విశాఖలో కొన్నాళ్లు పని చేసి, లాగోస్ వచ్చి ఏడాది కూడా కాలేదు. గినియా, సియెర్రా లియోన్, లైబీరియా దేశాల్లో ఎబోలాతో జనం చనిపోతున్నారని వింటున్నాం. 2014 జులై 20న లైబీరియా నుంచి పాట్రిక్ సాయర్ అనే అధికారి విమానంలో లాగోస్‌లో దిగారు. దిగేసరికే జ్వరం, వాంతులు. ప్రభుత్వ డాక్టర్లు సమ్మెలో ఉండటంతో ఆయన్ని ఒక ప్రైవేటు ఆస్పత్రికి తీసుకెళ్లారు. మొదట మలేరియా అనుకున్నారు. ఇక్కడ జ్వరం అంటే అందరికీ ముందు గుర్తొచ్చేది అదే కదా!

ఆ ఆస్పత్రిలోని సీనియర్ డాక్టర్ స్టెల్లా అడాడెవోకి మాత్రం అనుమానం వచ్చింది. రక్త పరీక్షకి పంపి, ఆయన్ని విడిగా ఉంచారు. సమావేశానికి వెళ్లాలి, వదిలేయండి అని పైనుంచి ఎంత ఒత్తిడి వచ్చినా ఆమె డిశ్చార్జి చేయలేదు. దాదాపు 2 కోట్ల జనం ఉన్న ఊరు ఇది. ఆ మనిషి బయటికి వచ్చి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. జులై 25న ఆయన చనిపోయారు. ఆయనకి వైద్యం చేసిన సిబ్బందిలో కొందరికి జబ్బు అంటుకుంది. ఆగస్టు 19న ఆ డాక్టరమ్మ కూడా కన్నుమూశారు.

అప్పటికి వ్యాక్సిన్ లేదు, ఖాయమైన మందూ లేదు. ఉన్నది ఒక్కటే: రోగితో మెలిగిన వాళ్లందరినీ వెతికి పట్టుకోవడం. ఎబోలా గాలిలో కొట్టుకొచ్చే జబ్బు కాదు. జబ్బు పడినవాడి రక్తం, వాంతి, చెమట లాంటివి తగిలితే అంటుకుంటుంది. అంటుకున్నాక 21 రోజుల లోపల బయటపడుతుంది. అందుకని రోగిని తాకిన వాళ్ల పేర్లు రాసుకుని, రోజూ ఇంటికెళ్లి 21 రోజుల పాటు జ్వరం చూశారు. మా భాషలో చెప్పాలంటే స్లాబు వేశాక క్యూరింగ్ లాంటిది. ఒక్క పూట నీళ్లు మర్చిపోతే పగులు తప్పదు.

ఈ పనికి కొత్తగా ఆఫీసులు కట్టలేదు. పోలియో చుక్కల కోసం అప్పటికే ఉన్న ఏర్పాటునీ, ఆ అనుభవం ఉన్న మనుషుల్నీ దీనికి మళ్లించారు. మొత్తం 894 మందిని కనిపెట్టుకుని ఉన్నారు. వాళ్ల ఇళ్లకి దాదాపు 18,500 సార్లు తిరిగారు. మధ్యలో ఒకాయన తప్పించుకుని పోర్ట్ హార్కోర్ట్ వెళ్లి రహస్యంగా వైద్యం చేయించుకున్నాడు. ఆయన బతికాడు, వైద్యం చేసిన డాక్టరు చనిపోయారు. ఆ ఒక్క ప్రయాణం వల్ల అక్కడ మళ్లీ 500 మందికి పైగా వెతకాల్సి వచ్చింది.

ఆ రోజుల్లో పుకార్లకీ కొదవ లేదు. ఉప్పు నీళ్లు తాగితే జబ్బు రాదని ఎవరో పుట్టిస్తే, అతిగా తాగి ప్రాణం పోగొట్టుకున్నవాళ్లూ ఉన్నారు. మా సైటు గేటు దగ్గర క్లోరిన్ నీళ్ల బకెట్టు, నుదుటికి పెట్టే థర్మామీటరు వచ్చాయి. చేతులు కలపడం మానేశాం. రోజూ రాత్రి అమ్మ ఫోన్: “అక్కడేటవుతోందిరా? వచ్చీరా బాబూ.”

మా కంపెనీ రూలు ఒకటే: జ్వరం ఉంటే ఇంటికి పో, పోయిన రోజులకి కూలి లేదు. దాంతో ఏమైంది? జ్వరం దాచడం మొదలైంది. ఒకరోజు మా తాపీ మేస్త్రి ఒకాయన ఇటుకల షెడ్డు వెనక వణుకుతూ కూర్చుని కనిపించాడు. పొద్దున్నే మాత్ర వేసుకుని గేటు దాటాడట. “ఓగా, మలేరియానే, ఎవరికీ చెప్పకు, నలుగురు పిల్లలు” అన్నాడు. ఓగా అంటే ఇక్కడ అయ్యగారు, బాసు అని. మర్నాడు స్లాబు ఉంది. ఆయన లేకపోతే పని ఆగుతుంది. నిజం చెప్తున్నాను, ఆ సాయంత్రం నేనూ నోరు మెదపలేదు.

రాత్రి నిద్ర పట్టలేదు. ఆయన తాకిన తాపీ ఎందరు పట్టుకున్నారో లెక్కపెట్టుకుంటూ పడుకున్నాను. తెల్లారగానే ఆరోగ్యశాఖ వాళ్లకి ఫోన్ చేశాను. వాళ్లు వచ్చి ఆయన ఎక్కడికి వెళ్లాడు, ఎవరిని కలిశాడు అని ఓపిగ్గా అడిగారు. రెండు రోజుల్లో తేలింది, మలేరియానే. స్లాబు నాలుగు రోజులు ఆగింది. గదిలో ఉన్న మన తెలుగువాళ్లం నలుగురం తలా కొంచెం వేసుకుని ఆయన కూలి డబ్బులు ఇంటికి పంపాం. ఆ తర్వాత జ్వరమొచ్చిన ఇంకో ఇద్దరు వాళ్లంతట వాళ్లే వచ్చి నాకు చెప్పారు.

వరుసగా 42 రోజులు కొత్త కేసు లేకపోవడంతో, 2014 అక్టోబరు 20న నైజీరియాలో ఎబోలా లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. మొత్తం 20 మందికి సోకితే 8 మంది పోయారు. జబ్బు ముదిరిన ఆ మూడు దేశాల్లో 2016 నాటికి 11,000 మందికి పైగా చనిపోయారు. ఆ రకం వైరస్‌కి ఇప్పుడు వ్యాక్సిన్ ఉంది. అయినా పేర్లు రాసుకుని ఇల్లిల్లూ తిరిగే పని తప్పదు.

గల్ఫ్‌లో, ఆఫ్రికాలో, మలేషియాలో సూపర్‌వైజర్లుగా ఉన్న మన కుర్రాళ్లకి ఒక్క మాట. జ్వరం వచ్చిందని చెప్పినవాడి కూలి కొయ్యకండి, కోయనివ్వకండి. కూలి పోతుందంటే ఎవడూ నోరు విప్పడు. ఆ మేస్త్రీ విప్పలేదు, ఒక రాత్రంతా నేనూ విప్పలేదు.