రోహిణి కార్తెలో వణుకు

బయట రోళ్ళు పగిలే ఎండ. లోపల మా అమ్మ చలితో వణికిపోతోంది!

పిత్తాశయంలో రాళ్ళు తీసి, అప్పుడే ఆపరేషను గదిలోనుంచి బయటికి తీసుకువచ్చారు. కళ్ళయినా తెరవకుండా, "నాయనా, చలిరా!" అంది. పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. నాకు గుండె జారిపోయింది. మత్తుమందు ఇచ్చిన డాక్టరుగారు వచ్చి వెచ్చని దుప్పటి కప్పించారు. ఆమె కుదుటపడ్డాక నన్ను కూర్చోబెట్టి సంగతంతా చెప్పారు.

మన ఒంటి లోపలి వేడి 37 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర ఉంటుంది. దానికి ఇద్దరు కాపలాదార్లు. చలి తగలగానే చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుని వేడిని లోపలే నిలుపుతాయి. అదీ చాలకపోతే వణుకు పుట్టి కొత్త వేడిని తయారుచేస్తుంది. మత్తుమందు రోగితోపాటు ఈ ఇద్దరినీ నిద్రపుచ్చుతుంది. అప్పుడు రక్తనాళాలు వదులై, లోపలి వేడి కాళ్ళకూ చేతులకూ పాకిపోతుంది. మొదటి గంటలోనే డిగ్రీ, డిగ్రీన్నర తగ్గవచ్చు. దానికి తోడు చల్లని గది, చల్లని సెలైను. మత్తు వదలగానే కాపలాదార్లు ఉలిక్కిపడి లేస్తారు. అదే ఆ వణుకు!

వణుకే కదా అని తీసిపారేయరాదు. ఒళ్ళు చల్లబడితే నెత్తురు గడ్డకట్టడం మందగిస్తుంది. గాయానికి ప్రాణవాయువు సరిగా అందక చీము పట్టవచ్చు. ఆస్ట్రియాలో పెద్దపేగు ఆపరేషన్లు జరిగిన 200 మందిని పరిశీలించి, 1996లో ఫలితాలు ప్రకటించారు. ఒళ్ళు వెచ్చగా ఉంచిన 104 మందిలో 6 మందికే గాయం చెడింది. చల్లబడనిచ్చిన 96 మందిలో 18 మందికి చెడింది. వెచ్చగా ఉన్నవారు సగటున రెండున్నర రోజులు ముందే ఇల్లు చేరారు.

ఉపాయం కష్టమైనదేమీ కాదు. ఒక యంత్రం వెచ్చని గాలిని గొట్టంద్వారా పలుచని దుప్పటిలోకి ఊదుతుంది. దుప్పటికున్న సన్నని చిల్లులగుండా ఆ వెచ్చదనం ఒంటికి తగులుతుంది. ఎక్కువగా ఎక్కించవలసివస్తే సెలైనునూ, రక్తాన్నీ కూడా వెచ్చచేస్తారు. మత్తు ఇవ్వకముందే కొంతసేపు వెచ్చగా ఉంచితే మరీ మంచిది. కాళ్ళూ చేతులూ ముందే వేడెక్కి ఉంటాయి గనుక లోపలి వేడి అటు అంతగా పోదు.

ఒక్క హెచ్చరిక. ప్రేమకొద్దీ మీరు ఇంటినుంచి వేడినీళ్ళ సంచీ తీసుకుపోయి రోగి పక్కన పెట్టకండి. మత్తులో ఉన్నవారికి ఒళ్ళు కాలినా తెలియదు.

ఆ తరువాత మా పిన్నికి ఆపరేషను అయింది. ఈసారి నేను ముందుగానే, "ఒళ్ళు వెచ్చగా ఉంచే ఏర్పాటు ఉందాండీ?" అని డాక్టరుగారిని అడిగాను. ఉందన్నారు. పిన్ని కళ్ళు తెరిచి చలి మాట ఎత్తనేలేదు. "ఏరా, కాఫీ ఎప్పుడిస్తారు?" అంది!